చచ్చిన మొక్కల పద్దు

కడియంలో చోటు చాలక
రాజోలు పక్కకి దిగిన నర్సరీ మాది.
మొక్కలెన్ని అంటే సరిగ్గా చెప్పలేనుగానీ
కాలమ్స్ ఎన్ని అంటే చెప్తానండి:
ముప్ఫయ్యేడు.

నేనే నింపాను.
మొక్క పొడవు, కవరు సైజు, ఆకు రంగు,
లారీ నంబరు, డ్రైవరు ఫోను,
అతని రెండో ఫోను కూడా.
మూడేళ్లు ట్యాబు గాజు మీద రుద్ది రుద్ది
వేలిముద్ర అరిగిపోయింది.
రేషన్ మిషను నన్ను నేను కాదంది.

ఎవరో చెప్పారట మా తాతబ్బాయి గారికి
లెక్కలే రేపటి బంగారమని.
నమ్మారు.
బంగారం బీరువాలో పెట్టినా బంగారమే.
లెక్క అలాక్కాదు, పచ్చిచేప.
పొయ్యెక్కకపోతే
మూడోరోజుకి వాసనే.

ఏప్రిల్ నెలాఖరు. కాలువ కట్టేశారు.
రేకుల షెడ్డులో తెర దించి
రంగురంగుల గీతలు చూపించాను.
ఎగబాకేవి, చతికిలబడేవి,
ధవళేశ్వరం దాటిన గోదారిలా
పాయలు పాయలుగా విడిపోయేవి.
ఆయన చాలాసేపు చూశారు.
"బావుందయ్యా.
ఇది చూసి రేపొద్దున నేనేం మార్చాలి?"

ఫ్యాను తిరిగింది.
ముప్ఫయ్యేడిట్లో ఒక్కటీ
నోరు విప్పలేదు.

నీళ్లు పట్టే మంగాయమ్మ
గుమ్మం బయట పైపు చుడుతోంది.
"రాసినవన్నీ బతికున్నవే కదండీ" అంది,
మమ్మల్ని కాదు, పైపునే అన్నట్టు.

తర్వాత
బొడ్లో దోపుకున్న గోనెదారం తీసింది.
పోయిన మొక్కకో ముడి.
ఆదివారానికో గుడ్డపేలిక.
మడికో దారం.
ఖాళీ కవరు దులిపి మడతపెట్టే ప్రతిసారీ
ఆవిడ వేళ్లు చేసుకున్న పని అది,
ఎవరూ పురమాయించలేదు.

ఆ దారాలు బల్లమీద పరిచి
ఏ మోటారు ఏ రోజు ఆడిందో
వాచ్‌మన్ గోడమీద బొగ్గుతో గీసిన గీతలు
కాగితంమీదకి దించి
చీకటిపడేదాకా కూర్చున్నాం ఇద్దరం.
ముడులు వత్తుగా ఉన్నచోటల్లా
సరిగ్గా మూడ్రోజుల ముందు
మురుగుకాలువ పక్క బోరు ఆడింది.

నాలికమీద వేసుకు చూశాను.
ఉప్పు.
అంతర్వేది దగ్గరే ఆగిపోతుందనుకున్న సముద్రం
మా మోటారెక్కి
క్రోటన్ల వేళ్లదాకా వచ్చి కూర్చుంది.

కొత్త పద్దుకి మూడే గళ్లు:
ఏ మడి. ఏ నీళ్లు. ఎన్ని పోయాయి.
పైన ఎర్రసిరాతో ఒక వాక్యం,
"ఇది చూసి ఎవరు ఏం చేస్తారు?"
జవాబు లేని గడిని చెరిపేయమన్నారు.
చెరుపుతుంటే, ఆయ్, ప్రాణం ఉసూరుమంది,
మూడేళ్ల చాకిరీ కదా.
డ్రైవరు రెండో ఫోను మాత్రం దాచుకున్నాను.
ఎందుకో నాకూ తెలీదు.

మరుసటేడు కాలువ కట్టకముందే
గొయ్యి తవ్వి, టార్పాలిన్ పరిచి, తీపినీళ్లు నింపాం.
మే నెలలో క్రోటన్లు తలవంచలేదు.
నాగపూర్‌కి నాలుగు లారీలు ఎక్కువ వెళ్లాయి.
నూరువరహాలు మాత్రం ఎప్పట్లానే పోతున్నాయి.
నీళ్లు కాదు, ఎరువు కాదు,
మరేమిటో
దారానికీ తెలీదు, నాకూ తెలీదు.

తాతబ్బాయి గారు పూతరేకులు పంచి
లాభమెంతో నోటితోనే చెప్పారు,
"లెక్కంటే ఇదీ" అన్నారు నా భుజం తట్టి.
ఆ రాత్రి ఊరికే వెతికాను,
మంగాయమ్మ కూలీ ఎక్కడుందో.
కొత్త మూడు గళ్లలో లేదు.
పాత ముప్ఫయ్యేడిట్లోనూ
లేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ
కొత్త దారం మొదలెట్టింది.
తడిచేత్తో ఒక ముడి వేసింది.
"ఏ మొక్కది?" అన్నాను.
"ఇది మొక్కది కాదండి" అని
పైపు లాక్కుంటూ
ఆరో మడిలోకి వెళ్లిపోయింది.