అడగని రాయి

కొత్త బండిలో హ్యాండ్‌బ్రేక్ కర్ర లేదు.
చొక్కా గుండీ అంత మీట.
పైకి లాగితే వెనక చక్రాల్లో ఎవరో గొణిగినట్టు
జుయ్‌మంటాది, అంతే.
ముప్పై ఏండ్లు కర్‌కర్‌మని పండ్లు లెక్కబెట్టిన చెయ్యి
ఇంకా గాలినే పట్టుకుంటాది.

జీవకోనలో, దిగుడుకు మొగం పెట్టి
రాత్రంతా నిలబెట్టినా.
తెల్లారితే బ్యాటరీ చచ్చింది. మీట పలకదు.

చెంగల్రాయుడు వైర్లు తగిలించి అన్నాడు:
“కాలు బ్రేకు మీద పెట్టు మామా, అప్పుడు నొక్కు.
అడిగే పద్ధతిలో అడగాల దాన్ని.”

అడిగినా.
ఎర్ర దీపం ఆరింది.
గేరేసినా. బండి కదల్లా.

మళ్లీ వైర్లు, ఫ్యూజుల డబ్బా,
కంపెనీ వాడికి నాలుగు తిట్లు.
ఆఖరికి వాడు వంగి చూసి
రోడ్డు మీదే కూలబడి నవ్వినాడు.

ముందు టైరుకు అడ్డంగా
రాత్రి నేనే పెట్టిన రాయి.

దాన్నెవరూ అడగలా.