రాత్రి కలిసే మగోళ్ల పట్టిక

హాలియల ఎరువుల దుకాణం మీది అర్రల
యూరియా బస్తాలే మాకు కుర్సీలు.
ఐతారం పొద్దుమీకి, షట్టర్ సగం దించి
సైదులు రాజ్యాలు పరుస్తడు:
పెన్సిలు గీతల కొండలు, చాయ్ మరకల సముద్రం,
నలుగురికీ ఒక్కటే పాచిక, ఇరవై ముఖాలది.
వాళ్ల నాయినమ్మ చేతుల తిప్పి చూసి
"పచ్చీసు గవ్వలకేమైందిర" అని ఇచ్చేసింది.

నియమాల పుస్తకం జిరాక్సుకు జిరాక్సు.
అందుల యోధుని బొమ్మకు
మెడ నుంచి మడిమ దాకా ఇనుము.
యోధురాలికి రెండు గిన్నెలు, నడుముకో గొలుసు.
"బాణం ఏడ తగలాల్నో గీసిచ్చినట్టే ఉంది గద" అన్న.
"అది మంత్రకవచం" అన్నడు జహంగీర్,
బొమ్మ దిక్కు చూడనట్టు చూసుకుంట.

లింగస్వామి ఆడపాత్ర తీసుకున్నడు.
పేరు మోహనాంగి. గొంతు సన్నగ చేసి
ప్రతి మాటకు ముందు "అబ్బ!" అంటడు.
రాకాసి మీద పడ్తున్నా అద్దం చూస్తది,
గుహల తలకాయలు తెగుతుంటే జడ వేస్కుంటది.
ఇంట్ల తిన్న కంచం తియ్యనోడు
ఆడదయ్యి కూసుంటే నవ్వే వచ్చింది.
నేనూ నవ్విన,
పల్లీలు గొంతుల అడ్డం పడ్డదాక.

నా వంతుకు మగపాత్ర రాసుకున్న.
వీరబాహు. ఆస్తి: ఇనుప గోచి, ఒకటి.
ఛాతీకి ఆముదం. వానల్నే యుద్ధం చేస్తడు.
కత్తి జారితే వంగి తీసేటందుకు
మూడు నిమిషాలు పడ్తది, గాలి ఆగి చూస్తది.
తొడలు మెరిసినప్పుడల్ల
శత్రువుకు రెండు పాయింట్లు కోత.
ఏ ఊరు పోయినా పెద్దమనుషులు అడ్డమొస్తరు:
"ఇంత కండ పెట్టుకొని ఒక్కనివే తిరుగుడేంది,
లగ్గం సంగతి ఏమనుకున్నవ్ బిడ్డా?"
సైదులు బస్తా మీదికెళ్లి కింద పడ్డడు.
లింగస్వామి నవ్విండు గని
చెయ్యి మాత్రం అంగీ గుండీ కాడికి పోయింది.

పుస్తకం చివర్ల ఒక పట్టిక ఉంది:
రాత్రి పట్నంల కలిసే ఆడోళ్లు, పన్నెండు రకాలు.
బక్కది, దొడ్డది, అగ్గువది, పిరమైనది.
అంగట్ల గొర్లకు గూడ మావోళ్లు ఇన్ని మాటలు వాడరు.

"నాది గూడ ఉంది ఒకటి" అన్న.
నిడమనూరు బస్సు కోసం నిలబడి నిలబడి రాసింది.
రాత్రి బస్టాండ్ల కలిసే మగోళ్లు.

ఒకటి పడితే: ఏ ఊరని అడిగి, చెప్పినా పోనోడు.
నాలుగు: ఉత్త ఫోన్ల మాట్లాడుకుంట వెనుకనే నడిచేటోడు.
ఏడు: నీ కోసం ఇంకొకనితోని కొట్లాడి
ఆ లెక్క నీ ఖాతల రాసేటోడు.
పదకొండు: తండ్రి అసుంటోణ్ని అని భుజం మీద చెయ్యేసేటోడు.
పద్నాలుగు: నువ్వు రాసిన నియమం నీకే నేర్పేటోడు.
(జహంగీర్ దగ్గిండు.)
ఇరవై: జరిగి, బెంచీ మీద జాగ ఇచ్చి
తన బస్సు తాను చూసుకునేటోడు.

"మంచోడు ఒక్కడేనా?" సైదులు అడిగిండు.
"పాచిక మీద ఇరవై ఒక్కటే గద ఉన్నది."

మోహనాంగి ఒక్కతే పట్నం చేరింది, నడిరాత్రి.
లింగస్వామి పాచికను గుప్పిట్ల పెట్టి ఊదిండు.
పదకొండు.
"అబ్బ" అనలే.
వాని గొంతు వానికి తిరిగొచ్చింది:
"ఇంకోపాలి ఏస్కోవచ్చా?"
"లే."
"ఉరుకొచ్చా?"
"ఆ గొలుసుతోనా?"

కింద ఎవలో డీఏపీ ధర అడుగుతున్నరు.
ఫ్యాను ఆగింది, కరెంటు పోయినట్టుంది,
ఎవ్వరం లేవలే.

శానసేపటికి మోహనాంగి
కమ్మరి తలుపు కొట్టింది.
మెడ నుంచి మడిమ దాకా ఎంతని అడిగింది.
నలభై వరహాలు. చేతుల పద్దెనిమిది.
తక్కువ పడ్డయి ఎవలిస్తరని
సైదులు అందరి మొఖాలు చూసిండు.
వీరబాహు ఇద్దామనే అనుకున్నడు.
గోచికి జేబు లేకపాయె.