ఎడమ కన్ను

తొమ్మిదేళ్ళు నేను ఎడమ కన్ను మాత్రమే వేశాను.
కుడి కన్ను తాన్ యులాన్‌ది.
బెల్టు మీద మొహాలు నా దగ్గరికి గుడ్డిగా వచ్చి
ఒంటికన్నుతో ఆమె దగ్గరికి జరిగేవి.
కన్నుకి నాలుగు సెకన్లు, రెప్పకి ఐదు వెంట్రుకలు.
ఆరోది పడితే ఆ రోజు కూలిలో కోత.

డాంగ్‌గ్వాన్‌లో ఆ షెడ్డు ఇప్పుడు పార్సిళ్ళ గోడౌను.
మెషీన్లు ఓడెక్కి ఇంకెక్కడికో పోయాయి.
యులాన్ ఎటు పోతోందో ఆ హడావిడిలో అడగనేలేదు.
నేను నూడుల్స్ కొట్టు పైగదిలో ఉంటాను,
కిలోల లెక్కన కొన్న తుక్కు బొమ్మలతో.

ముందు మొహం చెరపాలి.
అసిటోన్ దూదికి కళ్ళు తొందరగా లొంగుతాయి.
నవ్వే మొండిది,
మూడుసార్లు రుద్దినా పెదవి మూల గులాబీ మరకై కూర్చుంటుంది.
జుట్టుని మరిగే నీళ్ళలో ముంచితే వంకులు మరిచిపోతుంది.
తర్వాత పాదాలు. మడమ ఎన్నడూ నేలకానని పాదాలు.
చీలమండ దగ్గర కోసేసి
బంకమన్నుతో చదునైనవి చేసి అతికిస్తాను.
ఆరేదాకా కిటికీలో కాళ్ళు మాత్రమే వరసగా నిలబడి ఉంటాయి;
కింద కొట్టాయన ఓసారి చూసి జడుసుకున్నాడు.

ఒక మొహానికి ఇప్పుడు నెల.
షెన్యాంగ్ నుంచి ఒకాయన మేనత్త ఫోటో పంపాడు,
రైల్వే గేటు దగ్గర ఉడకబెట్టిన గుడ్లమ్మేదట.
గడ్డం మీద ఆవిరికి కాలిన మచ్చ మరిచిపోకండి
అని రెండుసార్లు రాశాడు.

ఎడమ కన్ను ఇట్టే వచ్చేస్తుంది.
కుడి కన్ను దగ్గర చెయ్యి ఆగి
పక్క కుర్చీ కోసం చూస్తుంది.
అప్పుడు బొమ్మని తలకిందులు చేసి
ఇదీ ఎడమదే అని చేతికి అబద్ధం చెప్తాను.

నిన్న సంచి అడుగున ఒకటి దొరికింది.
చెవి వెనక మా షెడ్డు నంబరు.
నుదుటి మీద రిజెక్టు ముద్ర, ఎందుకో మొదట తెలీలేదు.
భూతద్దం పెట్టి లెక్కపెట్టాను.
కుడి రెప్పకి ఆరు వెంట్రుకలు.
ఆరోది చివర్న కాస్త పైకి లేచి,
పొరపాటున పడ్డది కాదు.

నవ్వు చెరిపాను. బుగ్గలు చెరిపాను.
నేను వేసిన కన్ను, ఐదు వెంట్రుకల బుద్ధిమంతురాలు,
దాన్నీ చెరిపాను.
ఆ ఒక్క కన్ను వదిలి
దాని పక్కన ఇంకోటి వెయ్యాలని కూర్చున్నా.

తెల్లారింది. కింద కొట్టులో ఎసరు మరుగుతోంది.
నాలుగుసార్లు వేసి తుడిచాను.
ఎడమ కన్నే. రావడం లేదు.