సరుకు వివరం

బిల్టీ పుస్తకంలో నాలుగో గడి
"సరుకు వివరం" అని అచ్చేసి ఉంటుంది.
పదకొండేళ్లుగా గుంటూరు యార్డు గేటు పక్కన కూర్చుని
అందులో ఒకటే మాట రాస్తున్నాను:
ఎండుమిర్చి.
లారీ నెంబరు మారుతుంది, దిగే ఊరు మారుతుంది,
తేజా, బాడిగ, తాలుకాయ,
తుమ్ము మాత్రం అదే.

మాటకి ఒక్క పనితో పొద్దు గడవదు.
కిరాణా కొట్టుకెళ్తే నెల సరుకులు.
చీకటి పడ్డాక గోడ వెనక
"సరుకు దిగిందా?" అంటే గ్లాసులు కడుక్కోవాలి.
మొన్న మైకు పగిలేలా మాట్లాడిపోయిన నాయకుణ్ణి
జట్టు మేస్త్రీ ఒక్క ముక్కలో తూచేశాడు:
"గొంతుందిరా, సరుకు లేదు."

ఇంకో అర్థం కూడా ఉంది.
పొన్నూరు హైస్కూల్లో ఏడుకొండలు మాస్టారు
పద్యం మధ్యలో ఆగి
"సరకుసేయక... సొంతవాక్యం రాయండ్రా" అన్నారు.
"మా నాన్న కొట్లో సరకు సేయక అప్పులపాలయ్యెను"
అని రాశాను.
క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.
"లక్ష్యపెట్టకపోవడం" అని
నోటుబుక్కు అంచున ఎర్రసిరాతో రాసిచ్చారు.
మా నాన్న సంగతిలో
నా వాక్యమూ పెద్ద తప్పేం కాదని
చాలా ఏళ్లకి తెలిసింది.

ఫిబ్రవరి. సీజను నెత్తికెక్కింది.
ఏడో వరసకి వేసిన బల్లచెక్క జారి
నాగుల్ మీరా పడ్డాడు,
వీపు మీది టిక్కీతో సహా.
కమీషన్ కొట్టులోంచి కేక:
"సరుక్కేం కాలేదు గదా?"
కాటా గుమాస్తా పరిగెత్తాడు, గోనె వైపు.
డ్రైవరు హారన్ కొట్టాడు.
తొడిమలు తీసే వెంకాయమ్మ ఒక్కతే
కొంగు తడుపుకుని అతని దగ్గరికెళ్లింది.

నేనా?
నూట అరవై రెండు, నూట అరవై మూడు...
మధ్యలో లేస్తే లెక్క తప్పుతుందని
ఆ వరస పూర్తి చేసి పెన్ను మూశాను.
సొంతవాక్యం ఇప్పుడు రాయగలను మాస్టారూ.

వెళ్లేసరికి కళ్లు తెరిచాడు.
కనుబొమల్లో గింజలు, పళ్ల మీద ఎర్రటి దుమ్ము.
నొప్పెక్కడ అని అడగబోతుంటే
మోచేతి మీద కొంచెం లేచి
నా చంకలో పుస్తకం వైపు చూశాడు.
"రాసుకో సారూ,
ఒక టిక్కీ చినిగింది."