ఎక్కడ దిగుతావు

లియెపాయాలో ట్రాము లైను ఒక్కటే.
దారి తప్పుదామన్నా కుదరదు.
ఇరవయ్యారేళ్లుగా నడుపుతున్నాను,
సముద్రపు గాలి ఏ స్టాపులో ఎటు తోస్తుందో
నా మోచేతికి తెలుసు.

సెప్టెంబరు చివర్లో ఎక్కిందా పిల్ల.
ఆకుపచ్చ రెయిన్‌కోటు, తడిసిన జుట్టు,
వీపు మీద తనకన్నా బరువైన సంచి.
ఈ కొస నుంచి ఆ కొసకి,
ఆ కొస నుంచి మళ్లీ ఈ కొసకి.
దిగదు.
మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే.

నాలుగోసారి ఉండబట్టలేక అడిగాను:
ఎక్కడ దిగుతావమ్మాయ్?
ఇంకా తెలీదండీ, అంది,
చిల్లర తక్కువైనదానిలా మొహం పెట్టి.

పేరు ఇల్వా. రేజెక్నె నుంచి వచ్చిందట,
దేశానికి ఆ చివర, సరస్సుల వైపు.
ఏం చదువుతున్నావంటే
నవ మాధ్యమాలు. మొదటి ఏడాది.
మరి పాతవేవని అడిగాను.
పేపరు, రేడియో, సినిమా, అని మడిచింది.
ఇంకా వేళ్లున్నాయి గాని మాటలు లేవు.

తరగతిలో ఒకడు పొగమంచు మీద బొమ్మలాడిస్తాడట,
ఇంకొకత్తె తన గుండెచప్పుడుతో దీపాలు వెలిగిస్తుందట.
గుంతార్స్ అనే మేష్టారు వారం వారం
నీ దిక్కేదీ అంటాడట.
గాలికి కొట్టుకొచ్చిన సీసా మూతలా ఉంది
నా బతుకు, అంది. పందొమ్మిదేళ్లకే.

నేనేం చెప్పను?
బండి తోలేదాన్ని.
మార్కెట్టు దాటాక మలుపులో
పట్టా కూనిరాగం తీస్తుందనీ,
నవంబరులో రాలిన ఆకులు తడిసి
ఇనుముకి సబ్బు రాసినట్టవుతుందనీ,
మూడో చక్రం ఒకచోట అరిగి చదునైందనీ,
దాని టకటక జోరందుకుంటే
మీటరు చూడక్కర్లేదనీ
ఊసుపోక చెప్పుకొచ్చాను.
అరికాలు చెబుతుందే పిల్లా, అన్నాను.

నోరు తెరుచుకుని వింది.
కట్టుకున్నవాడు కూడా
అంత శ్రద్ధగా విన్న పాపాన పోలేదు.

మర్నాడు చొక్కా బొత్తామంత మైకు తెచ్చింది.
సీటు కింద నేలకి బంకతో అతికించింది.
డిపోలో చెబితే ఒప్పుకోరు,
నేను చెప్పలేదు.
చెవులకి డిప్పలు తగిలించి కళ్లు మూసుకుంది.
ఆ రోజే మొదటిసారి మధ్యలో దిగింది,
కాలువ వంతెన దగ్గర, పరిగెత్తుతూ,
గొడుగు మరిచిపోయి.
మా ఊళ్లో గొడుగెందుకూ కొరగాదు లెండి.

డిసెంబరులో రమ్మని పిలిచింది. ఆదివారం.
చీకటి గది. తెర లేదు, బొమ్మ లేదు.
నేల మీద నాలుగు చెక్క పలకలు,
బూట్లు విప్పి వాటి మీద నిలబడాలట.
నా మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లి.
చీకట్లో ఎవరు చూడొచ్చారులే అనుకున్నా.

పలక వణికింది.
డిపో. బడి. మార్కెట్టు.
ఎవరో కుర్రాళ్లు చక్కిలిగింతలకి కిసుక్కుమన్నారు.
గడ్డం ఆయన, గుంతార్స్ కాబోలు,
ఇందులో చూసేదేముందని గొణిగాడు.
నాకు మాత్రం చెక్కలోంచి చక్రం లేచి
మోకాలి దాకా పాకింది.
కూనిరాగం మొదలైంది, మలుపొస్తోంది,
ఎదుట అద్దం లేదు, వాన లేదు, అసలు బండే లేదు,
నా కుడికాలు బ్రేకు తొక్కింది.
లేని బ్రేకుని. గట్టిగా.

సిగ్గేసింది.
తలెత్తితే ఇల్వా చూస్తోంది,
నా మొహాన్ని కాదు, తన పలకల్నీ కాదు,
చిల్లిలోంచి తొంగిచూస్తున్న బొటనవేలిని.
అదింకా నొక్కే ఉంది.

అరచేతిలో ఏదో రాసుకుంది గబగబా.
గడ్డం ఆయన రెండుసార్లు పిలిచినా పలకలేదు.

సోమవారం అయిదున్నర బండికే ఎక్కింది.
క్యాబిన్ తలుపు కాస్త తెరిచి ఉంచమంది,
నా కాళ్లు కనబడేటట్టు.
ఎక్కడ దిగుతావని నేనడగలేదు.

మంగళవారం నుంచీ మంచి మేజోళ్లే తొడుక్కుంటున్నా,
ఎప్పుడు బూటు విప్పమంటుందోనని.