రెండుసార్లు లాగితే

ముహర్రక్‌లో, దర్జీ దుకాణం మీద మూడో అంతస్తు.
ఏసీ కార్చిన నీళ్లు బకెట్లో పట్టి
మెట్లు కడుక్కునే ఆఫీసు మాది.
ఏడుగురం మనుషులం, ఒకటే ఆట.

ఆటలో ముత్యాలకి మునిగేవాడొకడు:
ముక్కుకి కొమ్ము క్లిప్పు, కాలికి రాయి,
నడుముకి తాడు.
తాడు రెండో కొస పడవలో ఇంకొకడి చేతిలో.
కిందవాడు రెండుసార్లు లాగితే
పైవాడు లాగెయ్యాలి.
అంతే. ముత్యాలు వట్టి సాకు.

నా పని పరీక్షించడం.
రోజుకి రెండొందల సార్లు మునిగి చస్తాను,
ఎక్కడ చచ్చానో, ఎందుకు చచ్చానో రాస్తాను.
గదిలో పక్క మంచం పోశెట్టి,
పన్నెండో అంతస్తు బయట గొట్టాల మీద నిలబడే మనిషి,
నవ్వాడు: "సచ్చుటానికి గూడ జీతమిస్తర్రా నీకు!"

పెట్టె వచ్చిన రోజు గుర్తుంది.
దుకాణాల్లో అమ్మేది కాదు,
కంపెనీ నమ్మినవాళ్లకి మాత్రమే పంపే పెట్టె.
బూడిద రంగు, వీపున నంబరు,
నా సీపీఆర్ కార్డుకున్నట్టే.
గది దాటించకూడదు. ఫొటో తీయకూడదు.
మూడేళ్లు ఈ ఆట ఇంకే పెట్టె మీదా ఆడకూడదు.
హెస్సా మేడం సంతకం చేసి, కలానికి మూత పెట్టకుండా అంది:
"మా తాత నఖుదా దగ్గర అప్పు తీసుకున్నాడు.
పడవ మారాలంటే నఖుదా చీటీ కావాలి.
చీటీ రాకుండానే పోయాడు."
తర్వాత అందరికీ కరక్ చాయ్ తెప్పించింది.

పెట్టె అమ్ముడుపోలేదు.
దుబాయ్ వాళ్లు మెల్లగా జారుకున్నారు,
అమ్మాన్ వాళ్లు చెప్పే పోయారు.
పెద్ద స్టూడియోలు ఏ ఎండకా గొడుగు పట్టాయి,
గొడుగులు వాళ్లకున్నాయి మరి.
రెండో కంపెనీ మాకూ కబురు పెట్టింది, అంకెతో సహా.
మేడం ఆ అంకెని బోర్డు మీద రాసింది,
సాయంత్రం తనే తుడిచింది.
ఉప్పు తిన్నాం అంది, అరబ్బీలో.
ఆ మాట నాకెవరూ విడమర్చక్కర్లేకపోయింది.

ఉప్పు సంగతి సరే, జీతం రెండు నెలలు రాలేదు.
బొమ్మలు గీసే బైజు పెళ్లి ఫొటోలకి పోయాడు.
రంజాన్‌లో కంపెనీ పెద్దమనిషి వచ్చి
మా ఖర్జూరాలు తిని
"ఆగినవాళ్లని మేం మర్చిపోం" అన్నాడు.
ఆ మాటకి చీటీ లేదు.

కానీ తొమోయే ఉంది.
అదే కంపెనీలో, మేం చూడని ఏదో గదిలో.
మా పెట్టె మొండికేస్తే
వాళ్ల రాత్రి మూడింటికి జవాబు రాసేది.
మునిగేవాడికి ఊపిరి ఎంతసేపు ఆగాలని అడిగితే
స్నానాల తొట్టిలో తనే మునిగి లెక్కపెట్టి పంపింది:
నలభై ఒక్క సెకన్లు. ఆపైన భయమేసింది.

ఆగస్టులో రెండు ఉత్తరాలు, పది నిమిషాల తేడాలో.
మొదటిది కంపెనీది: పెట్టె తయారీ ఆపేస్తున్నాం,
మీ దగ్గరున్నది పధ్నాలుగు రోజుల్లో తిప్పి పంపండి,
తీగలతో సహా.
రెండోది తొమోయేది.
మూడేళ్ల షరతు రద్దు. సంతకం, ముద్ర.
కింద ఒక్క వాక్యం:
ఇవాళ నా ఆఖరి రోజు,
ఈ సంతకం చేసే హక్కు సాయంత్రం ఆరుదాకా ఉంది.

గడియారం చూశాను. మాకు పదకొండూ యాభై.
అక్కడ ఆరుకి పది నిమిషాలు.

మేడం ఆ కాగితం ప్రింటు తీసి
చదవకుండా పట్టుకుని చాలాసేపు కూర్చుంది.
తాత గురించి ఏమీ అనలేదు.

పెట్టె నేనే సర్దాను,
పోశెట్టి తెచ్చిన టైల్స్ అట్టడబ్బాలో. తీగలు నాలుగు.
కొరియర్ కుర్రాడు తూకం వేసి
లోపల విలువైనదేమైనా ఉందా అన్నాడు.
ఏం రాయాలో తెలీక ఆ గడిలో గీత గీశాను.

ఇప్పుడు కొత్త పెట్టె. దీనికీ నంబరుంది,
దీనికీ చిన్న అక్షరాలున్నాయి.
ఏరు దాటి తెప్ప తగలేశామో,
తెప్పే మమ్మల్ని దించేసి పోయిందో
నాకింకా తేలలేదు.

మొదటిరోజు పరీక్షలో ఒక తేడా దొరికింది:
కిందవాడు రెండుసార్లు లాగితే
పైవాడి చేయి అర సెకను ఆగి కదులుతోంది,
ఎవరో దూరంగా ఆరయ్యేలోపు
కలం వెతుక్కుంటున్నట్టు.

తప్పుల జాబితాలో రాయాలి.
రేపు రాస్తాను.