రెండు బండలు

గ్యాస్ బండకి కింద ఒక ధర,
మా గుమ్మంలో ఇంకో ధర.
చిట్టినగర్ కొండ మీద
నూట పద్నాలుగో మెట్టు మాది.
మెట్టు మెట్టుకీ బండ బరువెక్కుతుంది,
సైదులు భుజం కిందికి దిగుతుంది,
నా కొంగుముడి లోంచి
మరో ఎనభై రూపాయలు జారిపోతాయి.

వంటింటి తలుపు వెనక సున్నం గోడ మీద
బండ ఎన్ని రోజులొచ్చిందో పెన్సిల్‌తో రాస్తాను.
ముప్ఫై ఒకటి. ముప్ఫై మూడు.
చంటిది పుట్టిన నెలలో ఇరవై రెండు.
ఆ అంకె కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి,
ఎవరి మీద కోపమో ఇప్పుడు గుర్తు లేదు.

కూర్చుని లెక్క చూస్తే
అన్నం కాదు, కూర కాదు,
మంటంతా నీళ్ళు తాగేస్తోంది.
పాపకి, బడికెళ్ళే ఇద్దరికి,
మోకాళ్ళు పట్టేసిన మా అత్త రాహేలమ్మకి,
ఒంటినిండా రంగుల వాసనతో
చీకటి పడ్డాక వచ్చే ఏసోబుకి,
ఒక కాగు దిగితే ఇంకో కాగు ఎక్కాలి.

"మూత పెట్టవే" అంది అత్త.
"మూత లేని కాగూ, నోటికి తాళం లేని మనిషీ
ఊరందర్నీ వెచ్చబెట్టి ఇంటివాళ్ళని వణికిస్తారు."
మూత పెట్టాను.
పప్పు పొద్దున్నే నానేశాను.
కుక్కర్ రెండో కూతకి పొయ్యి ఆపి
మిగతా ఉడుకు దాని ఆవిరికే వదిలేశాను.
బర్నర్ కన్నాలు పిన్నీసుతో పొడిస్తే
పచ్చగా ఏడ్చే మంట నీలంగా నిలబడింది.
ముప్ఫై ఆరు.

ఆ ఆదివారం ఏసోబు
పటమటలో ఎవరిదో గేటుకి వెయ్యగా
డబ్బా అడుగున మిగిలిన నల్లరంగు తెచ్చాడు.
పాత డ్రమ్ముకి పూశాడు, మూతతో సహా.
దాన్ని దొర్లించుకెళ్ళి
ఇంటి వెనక రాతిబండ మీద నిలబెట్టాం.
మే నెలలో అర్ధరాత్రి దాకా సెగలు కక్కి
మమ్మల్ని నిద్రపోనివ్వని బండ అది.
పదకొండేళ్ళుగా తిడుతూనే ఉన్నాను దాన్ని.
డిసెంబరులో, సాయంత్రం నాలుగున్నరకి,
డ్రమ్ములో చెయ్యి పెట్టి
చటుక్కున వెనక్కి తీసుకున్నాను.

అప్పట్నించీ మా ఇంట్లో స్నానాలు సాయంత్రం.
పెద్దాడు రెండు రోజులు అలిగాడు,
బళ్ళో పక్కవాడు వాసన చూశాడట.
అత్త మాత్రం ఒప్పుకోలేదు.
"పొద్దుటి ప్రార్థనకి ఒంటిమీద
చెంబుడు నీళ్ళన్నా పడకుండా ఎట్టా కూర్చుంటానే?"
ఆవిడకొక కాగు.
దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

తుపాను పట్టిన మూడు రోజులూ
డ్రమ్ము చచ్చిన గేదెలా పడుంది.
మళ్ళీ పొయ్యి, మళ్ళీ కాగు,
మళ్ళీ నేను మబ్బుల్ని తిట్టుకుంటూ.
అయినా నలభై తొమ్మిది వచ్చింది.

నలభై తొమ్మిదో రోజున సైదులు ఎక్కొచ్చాడు,
బండ దించి, గుమ్మంలోనే కూలబడి,
"కరెంటు పొయ్యి కొన్నారేంటి అక్కా?
కబురే లేదు" అన్నాడు.
వెనక్కి తీసుకెళ్ళి డ్రమ్ము చూపించాను.
అతను డ్రమ్ముని చూడలేదు,
కొండ వాలంతా చూశాడు.
మేరీ వాళ్ళ పెరట్లో ఒకటి,
టైలరు బాజీ వాళ్ళ గోడ పక్కన ఒకటి,
అక్కడొకటి, ఆ మలుపులో రెండు,
నల్లగా, కొత్తగా.
"అదా సంగతి" అని నవ్వాడు.
భుజం మీది గుడ్డ విప్పి,
దులిపి, మళ్ళీ మడత పెట్టాడు.

నేను మిగుల్చుకున్న ఎనభై
ఎవరి జేబులోది
నా గోడ మీద రాసి లేదు.

ఏం చెప్పాలో తెలీక
బకెట్టుడు వేడినీళ్ళు తోడి ముందు పెట్టాను.
చొక్కా తీసి భుజం మీద పోసుకున్నాడు.
బండ అంచు ఒరుసుకుని
నల్లగా కాయకట్టిన చోట
ఆవిరి కాసేపు ఆగి పోయింది.
కళ్ళు మూసుకునే అన్నాడు:
"మా ఆవిడ నీళ్ళాడి పన్నెండు రోజులక్కా.
మాకూ బండ ఇరవై రోజులు రావట్లేదు.
ఆ నల్లరంగు
ఏమన్నా మిగిలిందా?"

డబ్బా మూత ఊడదీశాను.
పైన తొక్క కట్టింది.
పుల్లతో గుచ్చి చూస్తే
కింద ఇంకా తడిగానే ఉంది.